ఫైలు విప్పి చూసేదెవరు? అమెరికా అధ్యక్షుడి రహస్యాలకు హద్దు ఎక్కడ?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: “అమెరికా అధ్యక్షుడు ఒక కాగితాన్నో, ఒక సంభాషణనో రహస్యం అనేస్తే ఇక కోర్టు గానీ కాంగ్రెస్ గానీ దాన్ని ముట్టుకోలేవా? మా పుస్తకంలో ఎగ్జిక్యూటివ్ ప్రివిలేజ్ గురించి రెండు లైన్లు, నిక్సన్ కేసు పేరు ఉన్నాయి, అంతే. అసలు హద్దు ఎక్కడుంది? మన దేశంలో పరిస్థితి ఏమిటి?” లా రెండో సంవత్సరం చదువుతున్నానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు సూటి సమాధానం. దాచుకోవచ్చు. కొన్ని దాచి తీరాలి కూడా. కానీ ‘ఇది దాచదగినదే’ అని తేల్చే అధికారాన్ని దాచుకునే మనిషికే వదిలేస్తే ఇక హద్దు అనేదే ఉండదు. అందుకే ఈ విషయం మీద ఏ కేసు చదివినా నేను మొదట వెతికేది ఒక్కటే: ఆ కవరు విప్పి లోపల ఏముందో చూసిన మూడో మనిషి ఉన్నాడా, లేడా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ప్రాక్టీసు పెట్టిన తొలి ఏళ్లలో, ఉద్యోగంలోంచి తీసేసిన ఒక గుమాస్తా తరఫున సర్వీసు కేసు నడిపాను. ఆయన మీద జరిగిన విచారణ ఫైలు తెప్పించమని అడిగాం. శాఖ వాళ్లు సాక్ష్య చట్టం 123వ సెక్షన్ కింద అఫిడవిట్ వేశారు, ఆ ఫైలు బయటికొస్తే ప్రజాప్రయోజనానికి భంగం అని. జడ్జిగారు ఎవరినీ ఏమీ అనలేదు. ఫైలు తెప్పించుకుని ఛాంబర్లోకి వెళ్లిపోయారు. మేమంతా హాల్లోనే కూర్చున్నాం. నా క్లయింటు చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరు జిరాక్సు ఉంది. టెన్షన్‌లో దాన్ని మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. మడత దగ్గర కాగితం చిరిగిపోయింది కూడా. ఇరవై నిమిషాల తర్వాత జడ్జిగారు వచ్చి ఒక పేజీ తీసి ప్రభుత్వ ప్లీడరుగారి ముందుకు తిప్పారు. విచారణాధికారి ‘ఆరోపణ రుజువు కాలేదు’ అని రాసిన నోటు అది. దాని కింద పై అధికారి ‘తొలగించవలెను’ అని రాసి సంతకం పెట్టారు. అందులో రాజ్య రహస్యం ఏమీ లేదు, సిగ్గుపడాల్సిన సంతకం ఒకటి ఉంది. జడ్జిగారు ఆ ఇరవై నిమిషాలు వెచ్చించకుండా అఫిడవిట్‌నే నమ్మి ఉంటే ఆ మనిషి బతుకు అక్కడితో ఆగిపోయేది.

ఇప్పుడు అమెరికాకు వద్దాం. ఎగ్జిక్యూటివ్ ప్రివిలేజ్, అంటే తన కాగితాలనూ మాటలనూ రహస్యంగా ఉంచుకునే అధ్యక్షుడి అధికారం, ఆ మాట అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. రహస్యం అన్న మాట మాత్రం ఒక్కచోట ఉంది, అదీ అధ్యక్షుడి గురించి కాదు. కాంగ్రెస్ సభలు తమ కార్యకలాపాల చిట్టాను ఎప్పటికప్పుడు ప్రచురించాలనీ, రహస్యంగా ఉంచాలని తమకు తోచిన భాగాలను మినహాయించుకోవచ్చనీ మొదటి అధికరణం 5వ సెక్షన్‌లో రాశారు. అధ్యక్షుడికి అలాంటి వెసులుబాటును అక్షరాల్లో ఇవ్వలేదు. మరి ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? వాడకంలోంచి వచ్చింది. మొదటి అధ్యక్షుడి కాలం నుంచే వచ్చింది.

1791 నవంబర్ 4న జనరల్ ఆర్థర్ సెయింట్ క్లెయిర్ నడిపించిన సైన్యం ఒహైయో ప్రాంతపు ఆదివాసీ తెగల కూటమి చేతిలో చిత్తుగా ఓడిపోయింది. 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. మరుసటి ఏడాది ప్రతినిధుల సభ కమిటీ వేసి, యుద్ధశాఖ కాగితాలు కావాలంది. జార్జ్ వాషింగ్టన్ తన మంత్రులను కూర్చోబెట్టి సలహా అడిగారు. ఆ సమావేశం గురించి మంత్రుల్లో ఒకరైన థామస్ జెఫర్సన్ రాసుకున్న నోట్స్ మనకు దొరుకుతున్నాయి. అడిగే హక్కు సభకు ఉంది, బయటపెడితే ప్రజలకు హాని కలిగించే కాగితాలను అధ్యక్షుడు ఇవ్వకపోవచ్చు అని వాళ్లు అనుకున్నారు. సూత్రం అలా చెప్పుకుని, ఆ కేసులో మాత్రం కాగితాలు ఇచ్చేశారు. నాకు ఈ ఘట్టంలో నచ్చేది అదే. హక్కు ఉందని అనుకున్నా, తమ ప్రభుత్వం పరువు పోయే ఓటమి విషయంలో దాన్ని వాడుకోలేదు.

వాషింగ్టన్ నిజంగా కాదన్నది 1796లో. బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందం చర్చల కాగితాలు ప్రతినిధుల సభ అడిగితే ఇవ్వలేదు. ఒప్పందాలను ఆమోదించే పని సెనేట్‌ది, ఆ కాగితాలను సెనేట్‌కు చూపించాం, మీకు సంబంధం లేదు అన్నారు. అభిశంసన (అధ్యక్షుడిని పదవి నుంచి దించే విచారణ) కోసం అడిగితే అది వేరే సంగతి అని కూడా ఆ జవాబులోనే ఉంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, 1974లో పనికొస్తుంది.

దాపరికానికి న్యాయమైన కారణాలు లేవని నేను అనను. విదేశంతో బేరం నడుస్తుండగా మన చివరి మాట ఏమిటో అవతలివాళ్లకు తెలిస్తే బేరమే ఉండదు. సైన్యం ఏ రోజు ఏ దారిన వెళ్తుందో పేపర్లో రాకూడదు. ఇంకొకటి ఉంది, దాన్ని జనం తక్కువగా అంచనా వేస్తారు. సలహాదారు ‘సార్, మీరు చేస్తున్నది తప్పు’ అని మొహం మీద చెప్పాలంటే, ఆ మాట రేపు టీవీలో రాదన్న ధైర్యం ఉండాలి. అది లేకపోతే చుట్టూ తలూపేవాళ్లే మిగులుతారు. ఇవన్నీ ఒప్పుకున్నాకే అసలు ఇబ్బంది మొదలవుతుంది. మంచి కారణంతో దాచిన ఫైలూ, భయంతో దాచిన ఫైలూ బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండిటి మీదా ఒకటే ముద్ర ఉంటుంది.

దీనికి రేనాల్డ్స్ కేసును మించిన ఉదాహరణ నాకు తెలియదు. మీ పుస్తకంలో ఇది ఉండకపోవచ్చు. నిక్సన్ కేసు కంటే ముందు దీన్ని చదవమంటాను.

1948 అక్టోబర్ 6న జార్జియా రాష్ట్రంలోని వేక్రాస్ అనే ఊరి దగ్గర అమెరికా వైమానిక దళం వారి బి-29 విమానం కూలిపోయింది. కొన్ని రహస్య ఎలక్ట్రానిక్ పరికరాలను గాలిలో పరీక్షించడానికి బయల్దేరిన విమానం అది. ఇంజన్‌లో మంటలు పుట్టాయి. అందులో ఉన్న 13 మందిలో 9 మంది చనిపోయారు. పోయినవాళ్లలో ముగ్గురు సైనికులు కాదు, పరికరాల పని మీద వచ్చిన ఇంజనీర్లు. వాళ్ల భార్యలు ముగ్గురూ నష్టపరిహారం కోసం ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ప్రమాదం మీద వైమానిక దళం చేసిన విచారణ నివేదిక ఇప్పించమన్నారు. ప్రభుత్వం కుదరదంది. అందులో జాతీయ భద్రతకు సంబంధించిన విషయాలు ఉన్నాయని వైమానిక దళ కార్యదర్శి రాతపూర్వకంగా చెప్పారు.

కింది కోర్టు జడ్జి అడిగింది చాలా చిన్న విషయం. నివేదికను వితంతువుల చేతికి ఇవ్వమనలేదు. ‘నాకు చూపించండి, నా ఛాంబర్లో నేనొక్కడినే చదువుతాను, నిజంగా రహస్యం ఉంటే ఆపేస్తాను’ అన్న తీరులో ఆదేశం ఇచ్చారు. దానికీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. జడ్జికి కూడా చూపించం అంది. అయితే మీరు నిర్లక్ష్యం చేశారనే అనుకుంటాను అని ఆయన ఆ ముగ్గురికీ అనుకూలంగా తీర్పు ఇచ్చేశారు. అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది.

సుప్రీంకోర్టు 1953 మార్చి 9న ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ తీర్పును తిరగేసింది. ప్రధాన న్యాయమూర్తి విన్సన్ రాసిన తీర్పులో మంచి మాటలు కూడా ఉన్నాయి. రహస్యం అని గంపగుత్తగా చెప్పేస్తే చాలదు, శాఖాధిపతి స్వయంగా పరిశీలించి చెప్పాలి, ఆఖరి నిర్ణయం కోర్టుదే అని రాశారు. కానీ ఆ వెంటనే, పరిస్థితులను బట్టి ప్రమాదం ఉండవచ్చని అనిపిస్తే చాలు, జడ్జి ఒంటరిగా కూడా ఆ పత్రం చూడాలని పట్టుబట్టకూడదు అన్నారు. ఆ కేసులో ఒక్క న్యాయమూర్తి కూడా ఆ నివేదికను కళ్లతో చూడలేదు. చూడకుండానే అందులో రహస్యం ఉండవచ్చని నమ్మారు. కోల్డ్ వార్ కాలం, కొరియాలో యుద్ధం జరుగుతున్న రోజులు. ఆ భయం తీర్పులో కనిపిస్తుంది. చివరికి ముగ్గురు భార్యలూ కలిపి 1,70,000 డాలర్లకు రాజీ పడ్డారు. కింది కోర్టు ఇచ్చినదానికంటే అది తక్కువ.

ఇప్పుడు మిగతా కథ వినండి. ఆ ఇంజనీర్లలో ఒకరి కూతురు, తండ్రి పోయేనాటికి పసిగుడ్డు. 2000 సంవత్సరంలో ఆమె ఇంటర్నెట్‌లో పాత విమాన ప్రమాదాల గురించి వెతుకుతుంటే, అప్పటికే రహస్య ముద్ర తీసేసిన ఆ నివేదిక దొరికింది. డబ్బు కట్టి తెప్పించుకుని చదివింది. పరికరం ఎలా పనిచేస్తుందన్న రహస్యం అందులో ఏమీ లేదు. ఉన్నదల్లా నిర్లక్ష్యం. ఆ రకం విమానాల ఇంజన్లు వేడెక్కి మంటలు అంటుకుంటున్నాయని, వేడి తగలకుండా రక్షణ రేకులు బిగించాలని అంతకుముందే ఆదేశాలు ఉన్నాయి. ఈ విమానానికి బిగించలేదు. ప్రమాదం వస్తే ఎలా బయటపడాలో ఇంజనీర్లకు ముందుగా సరిగ్గా చెప్పలేదు. దశాబ్దాల పాటు దేశభద్రత అని దాచింది ఇదీ.

కుటుంబాలు మళ్లీ కోర్టుకెక్కాయి. 2003లో సుప్రీంకోర్టు వాళ్ల అర్జీని వినడానికి ఒప్పుకోలేదు. తర్వాత కింది కోర్టు నుంచి మొదలుపెట్టి వేసిన దావాను 2005లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అప్పటి పరిస్థితుల్లో ప్రభుత్వం చెప్పినదానికి ఏదో ఒక అర్థం చెప్పుకోవచ్చు, దాన్ని కోర్టును మోసం చేయడం అనలేం అని. రేనాల్డ్స్ తీర్పు ఈనాటికీ చెల్లుతోంది. అమెరికాలో రాజ్య రహస్యం పేరిట కేసులు ఆగిపోయిన ప్రతిసారీ ప్రభుత్వ లాయర్లు మొదట చూపించేది దీన్నే. ఈ కేసు గురించి మాట్లాడేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఒక్క జడ్జి ఒక్క మధ్యాహ్నం కూర్చుని చదివి ఉంటే సరిపోయేది.

నిక్సన్ కేసు దీనికి పూర్తిగా ఎదురు కథ. వాటర్‌గేట్ ఎలా మొదలైందో మీకు తెలిసే ఉంటుంది: 1972 జూన్ 17 తెల్లవారుజామున డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో చొరబడిన ఐదుగురు దొరికిపోయారు, దాని వెనుక అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ మనుషులున్నారా అన్న దర్యాప్తు మొదలైంది. అది వదిలేసి రహస్యం సంగతికి వద్దాం. 1971 ఫిబ్రవరి నుంచి అధ్యక్షుడి ఆఫీసులో మాటలన్నీ వాటంతటవే రికార్డయ్యే ఏర్పాటు ఉంది. ఇది తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1973 జూలై 16న సెనేట్ కమిటీ ముందు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే మాజీ ఉద్యోగిని, అధ్యక్షుడి ఆఫీసులో వినే పరికరాలు అమర్చిన సంగతి తెలుసా అని అడిగారు. తెలుసు సార్ అన్నాడాయన. ఆ ఒక్క జవాబుతో అప్పటిదాకా ‘ఆయన అలా అన్నాడు, ఈయన ఇలా అన్నాడు’ అన్న కేసు ‘టేపు ఏమంటుంది’ అన్న కేసుగా మారిపోయింది.

ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్ తొమ్మిది టేపుల కోసం సబ్‌పీనా పంపారు. సబ్‌పీనా అంటే సాక్ష్యం తెచ్చి ఇవ్వమని కోర్టు ద్వారా వెళ్లే ఆదేశం. నిక్సన్ ఇవ్వనన్నారు. జడ్జి జాన్ సిరికా ఏమన్నారంటే, నాకు ఇవ్వండి, నేను ఒంటరిగా విని ఏది చెప్పాలో ఏది ఆపాలో తేలుస్తాను. రేనాల్డ్స్ కేసులో కింది కోర్టు జడ్జి అడిగిందీ సరిగ్గా ఇదే. నిక్సన్ దారి వేరే పట్టారు. అక్టోబర్ 20, శనివారం రాత్రి కాక్స్‌ను తీసేయమని అటార్నీ జనరల్‌కు చెప్పారు. ఆయన రాజీనామా చేశారు. ఆయన కింది అధికారి కూడా ఆ పని చేయనని కుర్చీ వదిలేశారు. మూడో మనిషి రాబర్ట్ బోర్క్ ఆ పని చేశారు. దేశం భగ్గుమంది, వైట్ హౌస్‌కు టెలిగ్రాములు వచ్చి పడ్డాయి. నిక్సన్ కొన్ని టేపులు ఇవ్వక తప్పలేదు. వాటిలో ఒకదాంట్లో, దొంగతనం జరిగిన మూడో రోజు నాటి సంభాషణలో, పద్దెనిమిదిన్నర నిమిషాల పాటు మాటలు లేవు, గుయ్యిమనే శబ్దం మాత్రమే ఉంది. కోర్టు నియమించిన నిపుణులు అది ఒక్కసారి పొరపాటున చెరిగింది కాదనీ, కనీసం ఐదుసార్లు విడివిడిగా చెరిపారనీ తేల్చారు. ఎవరు చెరిపారన్నది ఇప్పటికీ తేలలేదు.

కొత్త ప్రాసిక్యూటర్ లియాన్ జవోర్‌స్కీ ఇంకో 64 సంభాషణలు అడిగారు. ఈ కేసే సుప్రీంకోర్టుకు వెళ్లింది. నిక్సన్ తరఫు లాయరు పేరు కూడా సెయింట్ క్లెయిరే, జేమ్స్ సెయింట్ క్లెయిర్. 1791లో ఓడిన జనరల్‌తో కలిపేసుకోకండి. ఏ సంభాషణ రహస్యమో అధ్యక్షుడే అంతిమంగా నిర్ణయిస్తాడు, కోర్టుకు అందులో పాత్ర లేదు అన్నది ఆయన వాదనకు ప్రాణం.

1974 జూలై 24న తీర్పు వచ్చింది. ఎనిమిది మందిదీ ఒకే మాట. తొమ్మిదో న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ అంతకుముందు నిక్సన్ న్యాయశాఖలో పనిచేసినందువల్ల తప్పుకున్నారు. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్‌ను నియమించింది నిక్సనే. బెంచిలో ఇంకో ఇద్దరు కూడా ఆయన వేసినవాళ్లే. చాలామంది ఈ తీర్పును నిక్సన్ ఓటమి అని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. పరీక్షలో మీరు రాయాల్సింది ఇంకా ఉంది. అధ్యక్షుడికి రహస్యాధికారం ఉందనీ, అది రాజ్యాంగంలోనే వేళ్లూనుకుని ఉందనీ సుప్రీంకోర్టు స్పష్టంగా ఒప్పుకున్నది ఈ తీర్పులోనే. అక్షరాల్లో లేనిదానికి ఇక్కడ ముద్ర పడింది. దాని పక్కనే హద్దు గీశారు. ‘మా మాటలు గోప్యంగా ఉండాలి’ అనే సాధారణ కారణం ఒకవైపు, నడుస్తున్న క్రిమినల్ కేసులో ఫలానా సాక్ష్యం అవసరమని రుజువు చేసిన ప్రాసిక్యూటరు మరోవైపు ఉంటే, గోప్యత తలవంచాలి. సైనిక, దౌత్య రహస్యాలు ఉన్నాయని చెప్పి ఉంటే సంగతి వేరుగా ఉండేదని కూడా అందులోనే సూచించారు. టేపులు నేరుగా ప్రాసిక్యూటరుకు కాదు, సిరికా ఛాంబర్‌కు వెళ్లాలన్నారు. ఆయన వింటారు, సంబంధం లేనివి మూసేస్తారు.

మరి టేపులో ఏముంది? 1972 జూన్ 23 ఉదయం నిక్సన్, ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ మాట్లాడుకుంటున్నారు. ఎఫ్‌బీఐ దర్యాప్తు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టేసేలా ఉంది. ఏం చేయాలి? సీఐఏ అధికారుల చేత ఎఫ్‌బీఐకి ఫోన్ చేయించాలి. ఇది తవ్వితే సీఐఏ నడిపిన క్యూబా దాడి నాటి పాత వ్యవహారాలన్నీ బయటికొస్తాయి, దేశానికి మంచిది కాదు, ఇక్కడితో ఆపండి అని చెప్పించాలి. గమనించారా? దేశభద్రత అనే సాకును ఎలా కట్టాలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే ఆ మాటలు టేపులో ఉన్నాయి. ఆ టేపును కూడా రహస్యం పేరుతోనే రెండేళ్లు దాచారు. ఆగస్టు 5న అది బయటికొచ్చింది. ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా అమల్లోకి వచ్చింది. తీర్పుకూ దీనికీ మధ్య పదహారు రోజులు.

కాంగ్రెస్ సంగతి అడిగారు. అక్కడ కథ అంత తేలిగ్గా లేదు. సెనేట్ కమిటీ కూడా టేపుల కోసం దావా వేసింది, 1974 మేలో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. మీ పనికి ఇవి తప్పనిసరి అని మీరు చూపించలేకపోయారు, అభిశంసన కమిటీ దగ్గర కొన్ని ఇప్పటికే ఉన్నాయి అంది కోర్టు. అంటే చట్టాలు చేయడానికి సమాచారం కావాలన్నప్పటి కంటే, క్రిమినల్ కేసులోనో అభిశంసనలోనో అడిగినప్పుడు అధ్యక్షుడు కాదనడం కష్టం. ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీ ఆమోదించిన మూడు అభిశంసన అభియోగాల్లో మూడోది, అడిగిన పత్రాలు ఇవ్వకపోవడమే. 1796లో వాషింగ్టన్ వదిలిన మినహాయింపు గుర్తొచ్చిందా?

కాంగ్రెస్‌కు తెలియకుండా దాచడం ఎంత దూరం పోగలదో చూడాలంటే కంబోడియా చూడండి. 1969 మార్చి నుంచి పద్నాలుగు నెలల పాటు బి-52 విమానాలు ఆ తటస్థ దేశం మీద 3,600కు పైగా సార్లు బాంబులు వేశాయి. రికార్డుల్లో మాత్రం అవి దక్షిణ వియత్నాంలో పడినట్లు రాశారు. రాడార్ కేంద్రంలో పనిచేసిన మేజర్ హాల్ నైట్, అసలు కాగితాలు కాల్చేసి తప్పుడు అంకెలు పైకి పంపానని 1973లో సెనేట్ కమిటీకి చెప్పారు. బాంబులు పడుతున్న కంబోడియా రైతుకు ఆ సంగతి తెలుసు, హనోయ్‌లోని ఉత్తర వియత్నాం ప్రభుత్వానికి తెలుసు. తెలియంది అమెరికా ఓటరుకు, ఆ ఓటరు ఎన్నుకున్న కాంగ్రెస్‌లో ఎక్కువమందికి. శత్రువుకు తెలిసిన విషయాన్ని సొంత ప్రజల దగ్గర దాస్తే దాన్ని సైనిక రహస్యం అని నేను ఒప్పుకోను. ఆ ఏడాది నవంబర్‌లోనే నిక్సన్ వీటోను కాదని యుద్ధాధికారాల తీర్మానం వచ్చింది. సైన్యాన్ని దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి. అనుమతి లేకపోతే 60 రోజులకు మించి కొనసాగించకూడదు. తర్వాతి అధ్యక్షులు దీన్ని పట్టించుకున్న తీరు అంతంతమాత్రమే.

మిగతా చట్టాలు త్వరగా చెప్పేస్తాను. సమాచార స్వేచ్ఛ చట్టం 1966లోనే ఉంది. 1974లో, నిక్సన్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఫోర్డ్ వీటోను తోసిపుచ్చి దానికి పళ్లు పెట్టారు, రహస్య ముద్ర వేసిన పత్రాన్ని కూడా జడ్జి తెప్పించుకుని చూడవచ్చన్నారు. 1978 నాటి అధ్యక్ష రికార్డుల చట్టం ప్రకారం 1981 జనవరి 20 నుంచి అధ్యక్షుడి అధికారిక కాగితాలు దేశం ఆస్తి, ఆయన సొంతం కాదు. అంతకుముందు ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. మాజీ అధ్యక్షుడు రహస్యం అంటే? 2022 జనవరి 19న సుప్రీంకోర్టు, 2021 జనవరి 6 దాడి మీద దర్యాప్తు చేస్తున్న కమిటీకి వైట్ హౌస్ కాగితాలు వెళ్లకుండా ఆపమన్న ట్రంప్ అర్జీని తోసిపుచ్చింది. కుర్చీలో ఉన్న బైడెన్ ఆ కాగితాలు ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు.

ఇక్కడి నుంచి నాకు ఆందోళన కలిగించే విషయం. 2024 జులై 1న ట్రంప్ కేసులో సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం అధ్యక్షుడికే ప్రత్యేకంగా ఇచ్చిన అధికారాల విషయంలో ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టడానికే వీల్లేదు. మిగతా అధికారిక పనులకు కూడా రక్షణ ఉందనే అనుకోవాలి, అది వర్తించదని ప్రాసిక్యూటరే చూపించాలి. సొంత పనులకు రక్షణ లేదు. ఇంతవరకైతే చర్చించుకోవచ్చు. కానీ అధికారిక పని ఏ ఉద్దేశంతో చేశాడో కోర్టు అడగకూడదనీ, సొంత నేరం మీద కేసు నడిపేటప్పుడు కూడా అధికారిక చర్యలను సాక్ష్యంగా వాడకూడదనీ అన్నారు. ఈ రెండో దాంతో మెజారిటీలోనే ఉన్న జస్టిస్ బారెట్ కూడా ఏకీభవించలేదు. 1974 తీర్పును ఇది కొట్టేయలేదు. ఆ టేపులు సహాయకుల మీద కేసు కోసం అడిగినవి, ఆ దారి అలాగే ఉంది. కానీ ఇవాళ అధ్యక్షుడే ముద్దాయి అయితే, జూన్ 23 నాటి టేపు లాంటిది దొరికినా, సీఐఏకు ఆదేశం ఇవ్వడం అధికారిక పనే కదా, ఉద్దేశం మీకెందుకు అని వాదించడానికి చోటు దొరికింది. 1977లో టీవీ ఇంటర్వ్యూలో అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదు అన్న అర్థం వచ్చేలా నిక్సన్ మాట్లాడితే జనం నివ్వెరపోయారు. కవరు విప్పి చూసినా అందులో ఉన్నది వాడుకోవద్దంటే, విప్పి ఏం లాభం?

ఇక మన దేశం. ఆ టేపులకూ మనకూ సంబంధం ఉంది. 1971 నవంబర్‌లో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వెళ్లినప్పుడు, ఆమె గురించీ భారతీయుల గురించీ నిక్సన్, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్ ఎంత నీచంగా మాట్లాడుకున్నారో 2005లో బయటికొచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధం చదివేవాళ్లు ఈనాడు ఆ టేపుల దగ్గరికి వెళ్లక తప్పదు.

చట్టం విషయానికొస్తే, మన రాష్ట్రపతికి అమెరికా అధ్యక్షుడితో పోలిక పెట్టకండి. ఇక్కడ నిజమైన కార్యనిర్వాహక అధికారం మంత్రివర్గానిది. రాష్ట్రపతికి మంత్రులు ఏ సలహా ఇచ్చారో కోర్టు అడగకూడదని 74(2) అధికరణం చెబుతుంది. ఆ సలహాకు ఆధారమైన సమాచారాన్ని మాత్రం అడగవచ్చని 1994 బొమ్మై కేసులో తేలింది. పత్రాల విషయంలో మీరు చదవాల్సింది 1975 జనవరి నాటి రాజ్‌నారాయణ్ కేసు. ఇందిరాగాంధీ ఎన్నికను సవాలు చేసిన రాయ్‌బరేలీ ఎన్నికల పిటిషన్‌లో ప్రధానమంత్రి పర్యటనల భద్రతా నిబంధనల పుస్తకం, బ్లూ బుక్, కావాలని అడిగారు. అఫిడవిట్‌తో తృప్తి కలగకపోతే జడ్జి ఆ పత్రాన్ని తానే తెప్పించుకుని చూడవచ్చని మన సుప్రీంకోర్టు చెప్పింది. బాధ్యతాయుతమైన ప్రభుత్వంలో రహస్యాలు కొద్దిగానే ఉండాలని జస్టిస్ మాథ్యూ రాశారు. ఆ రోజు మా జడ్జిగారు ఫైలు పట్టుకుని ఛాంబర్లోకి వెళ్లడానికి దారి వేసిన తీర్పుల్లో ఇదొకటి.

దగ్గరి ఉదాహరణ పెగాసస్, ఫోన్లలోకి చొరబడి నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్. దాన్ని మన పౌరుల మీద వాడారన్న ఆరోపణలతో కేసులు పడ్డాయి. 2021 అక్టోబర్ 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచి, జాతీయ భద్రత అనే మాట ఎత్తగానే ప్రభుత్వానికి ప్రతిసారీ మినహాయింపు దొరకదని చెప్పి సాంకేతిక కమిటీని వేసింది. 2022 ఆగస్టు 25న ఆ నివేదిక గురించి కోర్టులోనే చెప్పారు: పరిశీలించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాసస్సే అని తేలలేదు, ప్రభుత్వం సహకరించలేదని కమిటీ అంది. ఇక్కడ మూడో మనిషి ఉన్నాడు. ఆయన చేతికి ఇవ్వాల్సినవి ఇవ్వలేదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలని మీరు చివర్లో అడిగారు. రేనాల్డ్స్ తీర్పు చిన్నది, ఒక సాయంత్రం చాలు. అందులో విభేదించిన ముగ్గురు న్యాయమూర్తులు, బ్లాక్, ఫ్రాంక్‌ఫర్టర్, జాక్సన్, సొంతంగా ఏమీ రాయలేదు. కింది అప్పీలు కోర్టులో జడ్జి మారిస్ చెప్పిన కారణాలతోనే దాదాపుగా ఏకీభవిస్తున్నాం అని ఒక్క వాక్యంతో వదిలేశారు. కాబట్టి ముందు మారిస్ రాసింది సంపాదించి చదవండి. నివేదికను జడ్జికి ఎందుకు చూపించాలో అంతా అందులో ఉంది. అది 1951 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు.